మీ పిల్లి తొలిచూలుతో ఉందా? ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.. పెంచేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే!

కర్నూలు: ఇంకా ఏడు నెలలు కూడా నిండలేదు. నిన్నమొన్నటి దాకా ఇంట్లో బొద్దింకల వెంట, బల్లుల వెంట పరుగులు తీసిన పిల్లికూన. ఇప్పుడు చూస్తే పొట్ట ఉబ్బుతోంది, చన్నులు ఎర్రబడ్డాయి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ‘పిల్లికి మనం కాన్పు చేసేదేముంది, దానికదే ఏ మూలకో పోయి పెట్టుకుంటుంది’ అంటారు. చాలాసార్లు జరిగేదీ అదే. పిల్లుల్లో ఎక్కువ కాన్పులు మనిషి చేయి పడకుండానే అయిపోతాయి.

కానీ అడ్డం తిరిగినప్పుడు మాత్రం చేతిలో ఉండేది కొన్ని గంటలే. అది కూడా తొలిచూలు, చిన్న వయసు అయితే ప్రమాదం మరింత ఎక్కువ. పిల్లి నొప్పిని బయటపెట్టదు. మంచం కిందకో, బీరువా వెనక్కో వెళ్లి ముడుచుకుని కూర్చుంటుంది. ‘పొద్దున చూద్దాంలే’ అనుకునేలోపు తల్లీపిల్లలు ఇద్దరూ ప్రాణాల మీదకు తెచ్చుకోవచ్చు. మరి ఏది మామూలు? ఏది ప్రమాదం? ఎప్పుడు ఆగాలి? ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

చిన్న వయసులోనే చూలు ఎందుకు?

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మొదటి ఎద వస్తుంది. అంటే ఒళ్లు ఇంకా ఎదుగుతుండగానే కడుపు నిలబడుతుంది.

చలి దేశాల్లో పగటి సమయం బాగా తగ్గే చలికాలంలో పిల్లులు ఎదకు రావడం ఆగిపోతుంది. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. కర్నూలు, కడప ప్రాంతాల్లో డిసెంబర్‌లో కూడా పగలు 11 గంటలకు తగ్గదు. అందుకే ఇక్కడ ఏడాదంతా పిల్లులు ఎదకు వస్తూనే ఉంటాయి. పైగా పిల్లుల్లో అండం విడుదల కావడానికి జత కట్టడమే కారణమవుతుంది. కాబట్టి ఒక్క రాత్రి మిద్దె మీదకు వెళ్లి వచ్చినా చూలు కట్టే అవకాశం బాగా ఎక్కువ. ఒకే ఎదలో రెండు మూడు మగపిల్లులతో జత కడితే ఒకే ఈతలో వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టడం కూడా మామూలే.

ఏడాది నిండని పిల్లికి చూలు ఎందుకు కష్టమంటే..

* కటి ఎముకలు పూర్తిగా విచ్చుకుని ఉండవు. పిల్ల బయటికి వచ్చే దారి ఇరుకుగా ఉంటుంది.
* తన ఎముకలు పెరగడానికి, కడుపులో పిల్లలు పెరగడానికి రెండింటికీ ఒకే తిండి సరిపోవాలి.
* అనుభవం లేకపోవడంతో పుట్టిన పిల్లను నాకకుండా, పాలివ్వకుండా వదిలేసే అవకాశం ఉంటుంది.
* ఇంతకుముందు బండి కింద పడో, మిద్దె మీద నుంచి పడో కటి ఎముక విరిగి అతుక్కున్న పిల్లి అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ.

పర్షియన్ లాంటి చదును ముఖం జాతుల్లో పిల్లల తలలు పెద్దవిగా ఉంటాయి. ఆ జాతుల్లో కాన్పు కష్టం కావడం నాటు పిల్లుల కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

65 రోజుల లెక్క ఇదీ

పిల్లి చూలు సగటున 63 నుంచి 65 రోజులు. రెండు మూడు రోజులు అటూఇటూ కావచ్చు. జత కట్టిన రోజు తెలిస్తే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడం చాలా అవసరం. తర్వాత డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

* 3వ వారం: చన్నులు ఉబ్బి గులాబీ రంగుకు తిరుగుతాయి. కొన్ని పిల్లులు ఒకట్రెండు రోజులు వాంతి చేసుకుంటాయి, తిండి తగ్గిస్తాయి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో చూలు తెలిసేది ఈ దశ నుంచే. కొద్దిరోజుల్లో పిల్లల గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది.
* 5వ వారం: పొట్ట పక్కలకు పెరగడం కంటికి తెలుస్తుంది. ఆకలి పెరుగుతుంది.
* 7వ వారం: పిల్లల కదలికలు పొట్ట మీద కనిపిస్తాయి. 45 రోజులు దాటాక ఎక్స్‌రే తీస్తే పిల్లల ఎముకలు కనిపిస్తాయి. ఎన్ని పిల్లలున్నాయో లెక్క తేలుతుంది.
* 9వ వారం: చీకటి మూలలు వెతుక్కుంటుంది. బట్టల బీరువా, అటక, గోనెసంచులు.. ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతుంది.

పిల్లల సంఖ్య తెలుసుకోవడం ఉత్సాహం కోసం కాదు. నాలుగు పిల్లలున్నాయని ముందే తెలిస్తే, మూడు పుట్టి ఆగిపోయినప్పుడు ఇంకొకటి లోపల ఉండిపోయిందని అర్థమవుతుంది. ఆ ఒక్క ఎక్స్‌రే తల్లి ప్రాణాన్ని కాపాడొచ్చు.

పొట్ట పెరిగితే చూలేనా?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పొట్ట ఉబ్బడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. నులిపురుగులు ఎక్కువైతే కూనల పొట్ట గుండ్రంగా ఉబ్బుతుంది. ఎఫ్‌ఐపీ అనే వైరస్ జబ్బులో పొట్టలో నీరు చేరుతుంది. జత కట్టినా చూలు నిలవకపోతే సుమారు 40 రోజుల పాటు ఉత్తుత్తి చూలు లక్షణాలు కనిపించొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది గర్భసంచిలో చీము పట్టడం. దీన్ని పయోమెట్రా అంటారు. ఎద ముగిసిన కొన్ని వారాలకు ఇది బయటపడుతుంది. పిల్లి ఎక్కువ నీళ్లు తాగుతుంది, తిండి మానేస్తుంది, నీరసపడుతుంది. చీము బయటికి కారితే కనీసం తెలుస్తుంది. గర్భసంచి మూతి మూసుకుపోయి ఉంటే ఏమీ కారదు, పొట్ట మాత్రం పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు ‘చూలు’ అనుకుని సంతోషపడుతుంటే లోపల విషం పాకుతుంటుంది. అందుకే పొట్ట పెరుగుతున్న పిల్లి డల్‌గా ఉంటే ఒక్కసారి స్కాన్ చేయించడం మంచిది.

చూలు సమయంలో ఈ సంకేతాలు వదలొద్దు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

* ఒక రోజంతా ఏమీ తినకపోవడం. చివరి రెండు వారాల్లో ఇది మరీ ప్రమాదం. కడుపుతో ఉన్న పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయం దెబ్బతింటుంది.
* జననాంగం నుంచి రక్తం, చీము, దుర్వాసనతో కూడిన స్రావం.
* ఒళ్లు కాలడం. పిల్లి మామూలు శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనిషి కంటే ఎక్కువే. 39.5 దాటితే జ్వరం కింద లెక్క.
* ఆగకుండా వాంతులు, విరేచనాలు.
* 58 రోజుల లోపే నొప్పులు మొదలవడం.
* 68 రోజులు దాటినా కాన్పు కాకపోవడం.

చూలు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, ల్యుకేమియా లాంటి వైరస్‌లు, టాక్సోప్లాస్మా, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు, దెబ్బలు, పోషకాహార లోపం.. ఇలా. మొదటి వారాల్లో పిండాలు పోతే బయటికి ఏమీ కనిపించదు. ఒంట్లోనే కరిగిపోతాయి. పెరుగుతున్న పొట్ట మళ్లీ తగ్గిపోయిందంటే కారణం అదే కావొచ్చు.

పాలన్నం సరిపోదు.. ఎందుకంటే?

మన వైపు ఇళ్లల్లో పిల్లికి పెట్టేది ఏంటి? పాలన్నం, పెరుగన్నం, పాలలో నానబెట్టిన జొన్నరొట్టె. అలవాటైన పిల్లి వాటిని ఇష్టంగానే తింటుంది. బయట ఎలుకలు, బల్లులు, పిట్టలు పట్టుకుని లోటు తీర్చుకుంటుంది. కానీ ఇంట్లోనే ఉండి పాలన్నం మీదే బతికే పిల్లికి ఒక ముఖ్యమైన పోషకం అందదు. అదే టారిన్.

మాంసం, చేపల్లో మాత్రమే తగినంత ఉండే ఈ పోషకాన్ని పిల్లి తన ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు. టారిన్ లేకపోతే పిల్లుల కంటిచూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. చూలు పిల్లుల్లో టారిన్ తగ్గితే పిండాలు కరిగిపోవడం, చచ్చిన పిల్లలు పుట్టడం, బతికిన పిల్లలు బలహీనంగా ఉండటం జరుగుతుంది. కుక్కల తిండి కూడా పిల్లికి పనికిరాదు. కుక్క ఒంట్లో టారిన్ తయారవుతుంది కాబట్టి వాటి ఆహారంలో పిల్లికి సరిపడా ఉండదు.

ఏం పెట్టాలి? ‘కిట్టెన్’ అని రాసి ఉన్న పిల్లికూనల ఆహారం అన్నిటికన్నా తేలిక. చూలు పిల్లికీ, పాలిచ్చే తల్లికీ ఇదే సరిపోతుంది. అది కుదరకపోతే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, చికెన్ గుండెకాయ, ముళ్లు తీసిన చేప ఆ నీళ్లతో సహా పెట్టొచ్చు. లివర్ మాత్రం కొంచెమే. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. కూరలో ముక్క తీసి పెట్టే అలవాటు మానాలి. చివరి వారాల్లో పిల్లలు పొట్టను నొక్కేస్తాయి కాబట్టి ఒకేసారి ఎక్కువ తినలేదు. నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

కాల్షియం మంచిదే కదా అని మెడికల్ షాపులో సిరప్ తెచ్చి పోయడం ప్రమాదం. చూలు సమయంలో పైనుంచి కాల్షియం ఇస్తే, ఎముకల నుంచి కాల్షియం తీసుకునే శక్తి మందగిస్తుంది. తీరా పాలిచ్చే సమయానికి అదే పాలజ్వరానికి దారితీయొచ్చు.

ఈ మందులు అస్సలు వద్దు

* పారాసిటమాల్: జ్వరం అని చిన్న ముక్క వేసినా పిల్లి చచ్చిపోవచ్చు. పిల్లి కాలేయం దాన్ని విరిచేయలేదు.
* కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ పేల మందు: పిల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి.
* గ్రిసియోఫుల్విన్: తామరకు వాడే ఈ మందు వల్ల పిల్లలు అవకరాలతో పుడతాయి.
* ప్రాణంతో ఉన్న వైరస్ టీకాలు: చూలు సమయంలో పాన్‌ల్యూకోపీనియా టీకా ఇలాంటిది వేస్తే పుట్టే పిల్లల మెదడు దెబ్బతిని నడక తూలుతుంది. టీకా వేయించేటప్పుడు చూలు సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.
* నొప్పులు రావడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్: గేదెలకు వేసినట్టు పిల్లికి వేస్తే, పిల్ల అడ్డంగా ఉన్నప్పుడు గర్భసంచి చిరిగిపోతుంది.

రాయలసీమ ఎండల్లో రెట్టింపు జాగ్రత్త

కర్నూలు, నంద్యాల, కడపలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. పగలంతా కాగిన నాపరాతి మిద్దె రాత్రి కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. నిండు చూలుతో ఉన్న పిల్లికి ఇది పెద్ద పరీక్ష. తల్లి ఒంట్లో వేడి పెరిగితే ఆ దెబ్బ కడుపులో పిల్లలకూ తగులుతుంది.

రేకుల షెడ్డు, మిద్దె పైగది పనికిరావు. ఇంట్లో కింది గది, నేల చల్లగా ఉండే చోటు ఇవ్వాలి. రెండు మూడు చోట్ల మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టాలి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే, నొప్పుల సమయం కూడా కాకపోతే, అది వడదెబ్బ సంకేతం. ఒళ్లు, పాదాలు మామూలు చల్లటి నీళ్లతో తడిపి ఫ్యాన్ కింద పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు నీళ్లు పోయొద్దు.

కాన్పు గది ఇలా సిద్ధం చేయండి

కాన్పుకు రెండు వారాల ముందే ఒక అట్టపెట్టె పెట్టండి. పిల్లి అందులో కాళ్లు చాపుకుని పడుకునేంత పెద్దది కావాలి. లోపల పాత కాటన్ చీరలు మడిచి పరవాలి. ఎవరూ తిరగని మూల అయితే మంచిది. దగ్గర ఉంచుకోవాల్సినవి..

* ఉతికిన మెత్తటి గుడ్డలు నాలుగైదు
* కుట్టు దారం, కాచి చల్లార్చిన కత్తెర, అయోడిన్ ద్రావణం
* గ్రాముల్లో చూపించే వంటింటి త్రాసు
* గడియారం, పెన్ను, కాగితం
* గాలి ఆడే బుట్ట లేదా క్యారియర్
* పశువైద్యుడి నంబర్, రాత్రి వచ్చే ఆటో డ్రైవర్ నంబర్

కాగితం మీద ప్రతి పిల్ల పుట్టిన టైమ్, మాయ పడిందా లేదా రాయాలి. డాక్టర్‌కు ఫోన్ చేసినప్పుడు ఆ కాగితమే సగం పని చేస్తుంది.

ఏది మామూలు కాన్పు?

మొదటి దశలో పిల్లి అటూఇటూ తిరుగుతుంది, అరుస్తుంది, గుడ్డలు గీకుతుంది, గురగురలాడుతుంది, కొన్ని రొప్పుతాయి కూడా. ఇది 6 నుంచి 12 గంటలు ఉంటుంది. తొలిచూలు అయితే 24 గంటల వరకు సాగొచ్చు. కొన్ని పిల్లుల్లో కాన్పుకు ఒక రోజు ముందు ఒంటి వేడి 37.8 డిగ్రీల కంటే తగ్గుతుంది. అన్నిటిలో అలా తగ్గాలని లేదు.

రెండో దశలో గట్టిగా ముక్కుతూ పిల్లల్ని కంటుంది. చాలావరకు పది నిమిషాల నుంచి గంటలోపు ఒక్కొక్కటి వస్తుంది. వెనక కాళ్లు ముందుగా వచ్చినా భయపడక్కర్లేదు, పిల్లుల్లో అది మామూలే. ప్రతి పిల్ల వెంట ఒక మాయ పడాలి. తల్లి దాన్ని తినేస్తుంది. ఒకట్రెండు తిన్నా ఫర్వాలేదు.

ఇక్కడ పిల్లుల్లో ఒక వింత ఉంది. రెండు పిల్లల్ని పెట్టి, హాయిగా పాలిస్తూ, తిండి కూడా తిని, మర్నాడు మిగతా పిల్లల్ని పెట్టే పిల్లులున్నాయి. ముక్కకుండా, నెమ్మదిగా, సంతోషంగా ఉంటే 24 గంటల వరకు ఈ విరామం మామూలు కావొచ్చు. అయినా డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పి ఉంచడం మంచిది. విరామంలో పిల్లి ముడుచుకుపోయి, తిండి ముట్టకుండా, పిల్లల్ని పట్టించుకోకుండా ఉంటే మాత్రం అది విరామం కాదు. గర్భసంచి అలసిపోయిందని అర్థం.

ఇక్కడ మాత్రం ఆగొద్దు

* 20 నుంచి 30 నిమిషాలు ఆపకుండా గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే
* పిల్లో, ఉమ్మనీటి సంచో సగం బయటికి కనిపించి 10 నిమిషాలైనా కదలకపోతే
* చిన్నచిన్న నొప్పులు వచ్చిపోతూ 2 గంటలు దాటితే
* మొదటి పిల్ల పుట్టకముందే ముదురు ఆకుపచ్చ స్రావం కనిపిస్తే. మాయ విడిపోతోందని దానర్థం, లోపల పిల్లకు ఊపిరి అందదు
* ఎర్రటి తాజా రక్తం 10 నిమిషాలకు మించి కారితే
* పిల్లి కూలబడిపోయినా, వణికినా, చిగుళ్లు పాలిపోయినా

వీటిలో ఏది కనిపించినా ‘ఇంకో గంట చూద్దాం’ అనే మాటే ఉండకూడదు.

ఆసుపత్రికి చేరేలోపు ఏం చేయాలి?

పిల్ల సగం బయటికి వచ్చి ఇరుక్కుపోయి, డాక్టర్ దూరంగా ఉంటే ఒక్క ప్రయత్నం చేయొచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శుభ్రమైన తడిగుడ్డతో పిల్ల నడుమునో, భుజాలనో పట్టుకోవాలి. తల్లి ముక్కినప్పుడే, కిందివైపుకు, తల్లి వెనక కాళ్ల దిశగా మెల్లగా లాగాలి. తల్లి ఆపినప్పుడు మీరూ ఆపాలి. ఒక్క కాలు, తోక, తల పట్టుకుని లాగొద్దు. రెండు మూడు నొప్పులకు రాకపోతే వదిలేసి బయల్దేరాలి. లోపలికి వేళ్లు పెట్టి వెతకడం, నూనె పోయడం, పొట్ట నొక్కడం చేయొద్దు.

నొప్పుల్లో ఉన్న పిల్లి, ఎంత మచ్చికైనా, కరుస్తుంది. గోనెసంచిలో కట్టి తీసుకెళ్తే ఊపిరాడదు. గాలి ఆడే బుట్టలో గుడ్డ పరిచి, పైన పలుచటి తువ్వాలు కప్పి తీసుకెళ్లండి. పుట్టిన పిల్లలుంటే వాటినీ వేరే డబ్బాలో గుడ్డల మధ్య వెచ్చగా పెట్టి వెంట తీసుకెళ్లాలి. కరిస్తే, గీరితే గాయాన్ని సబ్బు, ధార నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి. పిల్లి కరిచినా రేబిస్ రావచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ముందు పొట్ట తడిమి చూస్తారు. ఎక్స్‌రేతో పిల్లలు ఎన్ని, ఎలా ఉన్నాయో. స్కాన్‌తో వాటి గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తారు. కడుపులో పిల్ల గుండె నిమిషానికి 200 సార్లకు పైగా కొట్టుకోవాలి. బాగా తగ్గిందంటే పిల్ల ఇబ్బందిలో ఉన్నట్టు. దారి సరిగ్గా ఉండి, గర్భసంచి అలసిపోయి ఉంటే గ్లూకోజ్, కాల్షియం, ఆక్సిటోసిన్ లెక్క ప్రకారం ఇస్తారు. పిల్ల అడ్డంగా ఉన్నా, దారి ఇరుకైనా సిజేరియన్ చేయాల్సిందే.

సిజేరియన్ అంటే భయపడి వెనక్కి వచ్చేసేవాళ్లున్నారు. ఆలస్యమైతే ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది తప్ప తేలిక కాదు. అదే సమయంలో గర్భసంచి తీసేయాలా అని డాక్టర్ అడగొచ్చు. తీసేసినా తల్లి పాలివ్వగలదు. పాలు ఊరడానికి కారణమైన హార్మోన్ వచ్చేది మెదడు కింది గ్రంథి నుంచి, గర్భసంచి నుంచి కాదు.

మన జిల్లాల్లో ఎక్కడికి వెళ్లాలి?

కర్నూలు, నంద్యాల, కడప పట్టణాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. ప్రొద్దుటూరులో, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీలు ఉన్నాయి. కడప జిల్లా వాళ్లకు ప్రొద్దుటూరు దగ్గర. కర్నూలు వాళ్లకు అవసరమైతే 44వ నంబర్ జాతీయ రహదారి మీద హైదరాబాద్ కూడా ఒక దారి. పశు అంబులెన్స్ సేవల టోల్‌ఫ్రీ నంబర్ 1962. అది ప్రధానంగా పాడిపశువుల కోసం కాబట్టి పిల్లి కేసు అని ముందే చెప్పి సలహా అడగాలి.

పిల్లులు ఎక్కువగా రాత్రిపూట, మనుషులు సద్దుమణిగాకే కంటాయి. ఆసుపత్రులేమో పగలు తెరిచి ఉంటాయి. ఆదోని, ఆళ్లగడ్డ, మైదుకూరు లాంటి ఊళ్ల నుంచి బయల్దేరేవాళ్లకు ప్రయాణమే గంటలు పడుతుంది. అందుకే చూలు 50 రోజులకు వచ్చేసరికి మూడు విషయాలు కనుక్కుని పెట్టుకోవాలి. మీకు దగ్గర్లో పిల్లికి సిజేరియన్ చేసే డాక్టర్ ఎవరు? రాత్రి ఫోన్ ఎత్తుతారా? ఎంత ఖర్చవుతుంది? నొప్పులు మొదలయ్యాక ఈ ప్రశ్నలకు జవాబులు వెతికే టైమ్ ఉండదు.

పుట్టిన పిల్లను ఇలా కాపాడండి

తొలిచూలు తల్లి ఒకట్రెండు నిమిషాల్లో సంచి చింపి నాకకపోతే మీరే చింపాలి. ముక్కు, నోరు తుడిచి, తల కాస్త కిందికి ఉంచి, పొడి గుడ్డతో ఒళ్లంతా గట్టిగా రుద్దాలి. ఏడ్చిందంటే బతికినట్టే. పిల్లను చేత్తో పట్టుకుని గాల్లో ఊపే పాత పద్ధతి వద్దు, మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం ఉంది. బొడ్డుతాడు తల్లి కొరకకపోతే పొట్టకు అంగుళం దూరంలో దారం కట్టి, దారానికి అవతలివైపు కత్తిరించి అయోడిన్ రాయాలి.

పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 100 గ్రాములు. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రోజూ ఒకే టైమ్‌కు తూచి రాయండి. ఒక్క రోజు బరువు తగ్గినా డాక్టర్‌కు చెప్పాలి. మొదటి రోజు ముర్రుపాలు తాగడం చాలా ముఖ్యం. జబ్బులను తట్టుకునే శక్తి వాటినుంచే వస్తుంది.

కూనలకు వెచ్చదనం ముఖ్యమే. మొదటి వారంలో పెట్టె లోపల 30 డిగ్రీలకు పైగా ఉండాలి. కానీ ఇంగ్లిష్ వీడియోలు చూసి మే నెలలో కర్నూలులో బల్బు పెడితే కూనలు ఉడికిపోతాయి. ఇక్కడ ఎండాకాలంలో గది వేడే సరిపోతుంది. కూలర్ గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మాత్రం గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టాలి.

తల్లికి పాలు లేకపోతే ఆవుపాలు, గేదెపాలు పోయొద్దు. విరేచనాలు పట్టుకుంటాయి. కూనల కోసం అమ్మే పాలపొడి దొరుకుతుంది. చల్లబడ్డ కూనకు ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. బోర్లా ఉంచే పట్టాలి, పసిపిల్లలా వెల్లకిలా కాదు.

కాన్పు తర్వాత మూడు ప్రమాదాలు

గర్భసంచి వాపు: మాయ ముక్కో, చచ్చిన పిల్లో లోపల ఉండిపోతే రెండు మూడు రోజుల్లో జ్వరం, దుర్వాసన స్రావం వస్తాయి. తల్లి పిల్లల్ని వదిలేస్తుంది. కాన్పు తర్వాత కొన్నాళ్లు వాసన లేని, ఎర్రటి గోధుమ రంగు స్రావం కొద్దిగా రావడం మాత్రం మామూలే.

పాలజ్వరం: పాలలోకి కాల్షియం పోయి రక్తంలో తగ్గిపోవడం వల్ల వస్తుంది. మొదటి నాలుగు వారాల్లో ఎక్కువ. ముందు కంగారుగా తిరుగుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి, వణుకుతుంది, తర్వాత ఫిట్స్. ఇది గంటల్లో ప్రాణం తీస్తుంది. పిల్లల్ని పాలు తాగకుండా వేరు చేసి వెంటనే తీసుకెళ్లాలి. నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా పిల్లులు త్వరగా తేరుకుంటాయి.

పొదుగు వాపు: చన్ను గట్టిపడి, ఎర్రబడి, వేడిగా ఉంటుంది. ముట్టుకుంటే కసురుతుంది. పిల్లలు ఆకలికి ఏడుస్తూనే ఉంటాయి.

ఇంకో మాట. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలంటారు. లెక్క ఏడే కానక్కర్లేదు కానీ అందులో నిజముంది. వెలుతురు, చప్పుడు, చూడ్డానికి వచ్చే జనం ఎక్కువైతే తల్లి కూనలను నోట కరుచుకుని వేరేచోటికి మారుస్తుంది. ఆ తిప్పటలోనే కూనలు చల్లబడి, ఒకటి వెనకబడి చచ్చిపోతుంటాయి. మొదటి రెండు వారాలు చుట్టాలకు, పిల్లలకు చూపించడం, రీల్స్ తీయడం మానేస్తే మంచిది.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయాలా?

అవసరం లేదు. భయం టాక్సోప్లాస్మా గురించి. అది వ్యాపించేది పిల్లి మలం నుంచి. ఆ మలం ప్రమాదకరంగా మారడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఇసుక ట్రేను రోజూ, వేరేవాళ్లు శుభ్రం చేస్తే ముప్పు చాలావరకు తగ్గుతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల నుంచి కూడా ఇది వస్తుంది. గర్భిణులు పిల్లి కాన్పులో చేయి పెట్టకుండా ఉంటే మేలు.

మళ్లీ రెండు నెలలకే చూలు!

కూనలు పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ ఎదకు రావచ్చు. అంటే కష్టమైన తొలిచూలు నుంచి తేరుకోకముందే రెండోది. దీనికి ఒకటే మార్గం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. కూనలు పాలు మానేసిన రెండు వారాల తర్వాత, పొదుగు తగ్గాక చేయించొచ్చు. అప్పటిదాకా తల్లిని గదిలోనే ఉంచాలి. పుట్టిన ఆడకూనలకు కూడా నాలుగైదు నెలలు వచ్చేసరికి డాక్టర్‌ను అడగండి. లేకపోతే ఆరు నెలలకు అవీ ఇదే పరిస్థితిలో ఉంటాయి.

పిల్లలు ఎక్కువయ్యాయని సంచిలో వేసి మార్కెట్ దగ్గరో, ఊరి బయటో వదిలేయడం నేరం కూడా. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద ఆకలిదప్పులకు వదిలేయడం శిక్షార్హమే.

ఒక్క చూపులో..

* ఆగొచ్చు: తిరగడం, అరవడం, గుడ్డలు గీకడం, పిల్లకు పిల్లకు మధ్య పిల్లి హాయిగా ఉంటే విరామం.
* ఫోన్ చేయాలి: ఒక రోజు తినకపోవడం, 68 రోజులు దాటడం, మాయల లెక్క తప్పడం, కూన బరువు తగ్గడం.
* వెంటనే బయల్దేరాలి: అరగంట ముక్కినా రాకపోవడం, పిల్ల ఇరుక్కుపోవడం, ఆకుపచ్చ స్రావం, ఆగని రక్తం, వణుకు, కూలబడటం.

గమనిక: ఇది అవగాహన కోసం ఇస్తున్న సమాచారం మాత్రమే. మీ పిల్లి పరిస్థితిని బట్టి చికిత్స మారుతుంది. మందులు, మోతాదుల విషయంలో పశువైద్యుడి సలహా తప్పనిసరి.